కరెంటు పోతే ఎవరిది ముందు లేస్తది?

సూర్యాపేటలో మా కంప్యూటర్ షాపులో కరెంటు పోతే ఎవరూ తిట్టేవాళ్లు కాదు. పందెం కాసేవాళ్లు. పక్కపక్కనే రెండు మిషన్లుండేవి. ఒకదాంట్లో విండోస్ 98, ఇంకోదాంట్లో రెడ్‌హ్యాట్ లినక్స్. యూపీఎస్ పది నిమిషాలు కుయ్యోమని అరిచి ప్రాణం విడిచేది. మళ్లీ కరెంటు వచ్చిందంటే చాలు, రెండు బటన్లూ ఒకేసారి నొక్కి చేతులు కట్టుకొని నిలబడేవాళ్లం. ఎవరిది ఆలస్యంగా లేస్తే వాళ్లు బస్టాండు దాకా పోయి అందరికీ మిర్చిబజ్జీలు తేవాలి.

విండోస్ లేస్తూ లేస్తూనే నీలం తెర వేసేది. నన్ను సరిగ్గా ఆపలేదు కాబట్టి డిస్కు చూసుకోవాలి అని నేరం మన మీద మోపి, పసుపుపచ్చ గీతను నత్తలాగా జరిపేది. సూర్యాపేట సబ్‌స్టేషను చేసిన పాపానికి మేమెందుకు మాట పడాలో నాకెప్పుడూ అర్థం కాలేదు. లినక్స్ ఏమన్నా తక్కువ తిన్నదా? అదీ డిస్కంతా మూల మూలా తడుముకునేది. ఒక్కోసారి సగంలో ఆగి రూట్ పాస్‌వర్డ్ చెప్పమని మొరాయించేది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు కోదాడలో ఉండేవాడు. అప్పుడు బజ్జీల ఖర్చు ఎస్టీడీ ఖర్చుతో కలిపి వాడి లెక్కలో పడేది.

2001లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7.2 కొంత ఆలస్యంగా మా చేతికందింది. దాంతో పందెం ఒకవైపు ఒరిగిపోయింది. అందులో ఈఎక్స్‌టీ3 అనే కొత్త ఏర్పాటు ఉంది. దాని కిటుకు మా ఎదురుగా కిరాణా నడిపే సేటుకు చెప్తే చిటికెలో పట్టుకున్నాడు: ఏ పనైనా చేసేముందు చిట్టాలో రాసుకుంటుంది, తర్వాత చేస్తుంది. నడుమ కరెంటు పోతే గోదామంతా లెక్కపెట్టే పని లేదు, చిట్టాలో చివరి పేజీ చూసుకుంటే చాలు. "ఇది మా తాత చేసిన పనే గదా," అన్నాడు సేటు. నిజానికి విండోస్ వైపు కూడా ఎన్టీఎఫ్ఎస్ అని అలాంటిదే ఒకటి ఉంది. కానీ ఎక్స్‌పీ వచ్చిన తర్వాత కూడా మేం పాత అలవాటుకొద్దీ ఫ్యాట్32 మీదే ఫార్మాట్ కొట్టేవాళ్లం. మా బూట్ ఫ్లాపీలు డాస్‌వి, వాటికి ఎన్టీఎఫ్ఎస్ కనబడదు. చేతిలో ఉన్న పనిముట్టుకు ఏది కనబడితే అదే మా సిద్ధాంతం.

నాది విండోస్ పార్టీ. 1999లో షట్టరు ఎత్తాను. నెలకు రెండు మూడుసార్లు తెల్లవారుజామున బస్సెక్కి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీకి పోయేవాణ్ని. మదర్‌బోర్డు, ర్యాము, హార్డ్‌డిస్కు, ఎస్ఎంపీఎస్ కొని సంచిలో వేసుకొని, ఒళ్లో పసిపిల్లలా పెట్టుకొని రాత్రికి తిరిగొచ్చేవాణ్ని. ఒక అసెంబుల్డ్ మిషను చేతికి రావాలంటే 30 వేలు దాటేది. అంత పోసి కొన్నాయన ఇంట్లో దానికి కుంకుమబొట్టు, కొబ్బరికాయ, పైన కప్పడానికి పూలగుడ్డ ఉండేవి. నేను విండోస్ ఎక్కించి, ఒక తెలుగు పాట పెట్టి వినిపిస్తే అప్పుడు డబ్బులిచ్చేవాళ్లు. పాట రాకపోతే కంప్యూటర్ రానట్టే.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. లోకంలో విండోస్‌కూ లినక్స్‌కూ జరిగిన కొట్లాటలో సగం డబ్బు గురించి. ఒకటి కొనాలి, ఇంకోటి ఊరికే వస్తుంది. ఆ వాదన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మా మూడు ఊళ్లలో పుట్టకముందే చచ్చిపోయింది. ఎందుకంటే మా దగ్గర రెండూ ఊరికే వచ్చేవి. విండోస్ సీడీ మీద స్కెచ్‌పెన్నుతో పేరు రాసి ఉండేది, 25 అక్షరాల తాళం నాకు మా ఇంటి అడ్రసు కంటే బాగా నోటికొచ్చు. బిల్ గేట్స్ 1976లోనే తన బేసిక్‌ను డబ్బివ్వకుండా కాపీ కొడుతున్నారని కంప్యూటర్ పిచ్చోళ్లందరికీ బహిరంగలేఖ రాశాడట. ఆ లేఖ సూర్యాపేటకు చేరలేదు. చేరినా జవాబు రాసే మొహం నాకు లేదు.

కాబట్టి మేం కొట్లాడాలంటే వేరే కారణాలు వెతుక్కోవాల్సి వచ్చింది. వెతుక్కున్నాం. నల్లగొండ జిల్లాలో వాదనకు కరువేముంటుంది? అప్పుడు మూడు ఊళ్లూ ఒకే జిల్లా. ఒక్కటిగా ఉన్న కమ్యూనిస్టు పార్టీ 1964లో రెండైనప్పుడు ఏ ఊళ్లో ఎవరు ఎటు పోయారో మా హోటళ్లలో చాయ్ తాగుతూ అప్పటికీ లెక్కలు తీసేవాళ్లు. ఆ బల్లల మీదే మా లెక్కలూ తేలేవి.

కోదాడ నుంచి వచ్చేవాడు ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. వాడు చేరింది 2002లో. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. వాళ్ల పాఠాల్లో యూనిక్స్ ఉంది. సిలబస్ కోసం చదివి వదిలేయకుండా వీడికి పట్టుకుంది. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే లినక్స్ సీడీలు దాచుకొని, మునగాల మీదుగా వచ్చే పల్లెవెలుగు బస్సులో 45 కిలోమీటర్లు నిలబడి వచ్చి, నా హార్డ్‌డిస్కులో కొంచెం జాగా అడిగేవాడు. సంక్రాంతికి అల్లుడు వచ్చినట్టు ఒక పార్టిషన్ అడిగి, పోయేటప్పుడు ఇల్లంతా తనదని రాసిపోయేవాడు. లైలో అనే బూట్ లోడర్ ఎక్కించడంలో చెయ్యి తప్పితే తెర మీద ఎల్, ఐ అని రెండక్షరాలు వచ్చి మిషను కొయ్యబారేది. నేను పగ తీర్చుకోవడం తేలిక. విండోస్ మళ్లీ ఎక్కిస్తే చాలు, అది లినక్స్ గుమ్మాన్ని చెరిపేసి తన తలుపు పెట్టుకునేది. లోపల లినక్స్ బతికే ఉంటుంది, పోవడానికి దారే ఉండదు. వాడు వచ్చే ఆదివారం ఫ్లాపీతో వచ్చి దారి తీసేవాడు. ఆరు నెలలు ఇట్లా ఒకరి గడప ఒకరం తవ్వుకున్నాం.

వాడి దగ్గరే నేను విన్నాను, టానెన్‌బామ్ కథ. ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద పుస్తకాలు రాసిన పెద్ద ప్రొఫెసరు ఆయన. 1992 జనవరిలో, లినక్స్ పుట్టి ఏడాదైనా నిండకముందే, ఇది పాతకాలపు కట్టడం, దీనికి కాలం చెల్లింది అని నలుగురిలో రాసేశాడు. 22 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ వెనక్కి తగ్గకుండా పంతులుగారికి ఎదురు జవాబిచ్చాడు. మా వాడికి ఆ ఘట్టం పద్యనాటకంలా కంఠతా వచ్చు. ఆ పంతులు వేషం రోజూ నాకే వేసేవాడు.

"ఫ్రీ అంటే ఉచితం కాదన్నా, స్వేచ్ఛ," అనేవాడు. ఇంగ్లీషువాళ్లకు రెండింటికీ ఒకటే మాట ఉండి వాళ్లు తికమక పడ్డారు గానీ మనకేం బాధ, రెండు మాటలున్నాయి అనేవాడు. తర్వాత హైదరాబాదులో లినక్స్‌ను తెలుగు చేసినవాళ్లు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నప్పుడు, ఆ పేరు తానే పెట్టినట్టు పొంగిపోయాడు. నేనొకటే అడిగేవాణ్ని: "స్వేచ్ఛ సరే తమ్మీ, అను వస్తదా?"

అనుకు వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ రోజుల్లో డీటీపీ అంటే పేజ్‌మేకర్, పేజ్‌మేకర్‌లో తెలుగంటే అను ఫాంట్లు. పెళ్లిపత్రిక, కరపత్రం, చిట్‌ఫండ్ పాసుపుస్తకం, పెద్దగట్టు జాతర పోస్టరు, అన్నీ దాంట్లోనే. అవి విండోస్‌లోనే ఆడతాయి. ఇందులో ఒక వింత ఉంది. నేను వాడే కీబోర్డు వరస పేరు ఆపిల్. అను మెనూలో ఆ పేరే ఉంటుంది, సూర్యాపేటలో ఆపరేటర్ని పనికి పెట్టుకునేటప్పుడు మొదట అడిగేది కూడా అదే, ఆపిల్ వచ్చా, మాడ్యులర్ వచ్చా అని. ఆపిల్ కంప్యూటరును మాత్రం మేమెవరం కళ్లతో చూసిన పాపాన పోలేదు. మా వేళ్లు ఆపిల్, తెర విండోస్, తాళం దొంగది.

ఒక మాఘమాసం ముహూర్తాల రద్దీలో తమ్ముడు నన్ను ఒప్పించాడు, యూనికోడ్ వచ్చేసింది, ఒక పత్రిక లినక్స్‌లో కొట్టి చూద్దామని. రెడ్‌హ్యాట్ 9 మీద రాత్రి పదింటికి కూర్చున్నాం. శుభలేఖలో మొదటి మాటే శ్రీరస్తు. శకారం ఒకచోట, రావత్తు ఒకచోట, గుడిదీర్ఘం ఇంకెక్కడో. లక్ష్మి అని కొడితే మూడు ముక్కలైంది. వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన వచ్చి నిలబడ్డాయి, వడ్డనలో చోటు దొరకని చుట్టాల్లాగా. నేను అనులో కొట్టిన పాత పత్రికను వాడి మిషన్లో తెరిచి చూస్తే పెళ్లికొడుకు పేరు స్థానంలో డాలరు గుర్తులూ ప్రశ్నార్థకాలూ ఉన్నాయి. వాడు పరువు కాపాడుకోవడానికి అన్నాడు, తప్పు లినక్స్‌ది కాదు, అను అక్షరాలకు లోకంలో ఎవరూ ఒప్పుకోని సొంత నంబర్లు పెట్టుకుంది, రేపు అది లేకపోతే నువ్వు కొట్టినదంతా చెత్త అని. అప్పుడు నవ్వాను. నా దగ్గర ఇవాళ పదేళ్ల పెళ్లిపత్రికలు సీడీల్లో ఉన్నాయి. తెరిస్తే డాలరు గుర్తులే.

పాటల దగ్గరా నాదే గెలుపు. ఒక సీడీలో 150 పాటలు పట్టే ఎంపీ3 కాలం అది. 2002లో రెడ్‌హ్యాట్ 8 వచ్చినప్పుడు పేటెంట్ల భయంతో అందులోంచి ఎంపీ3 తీసేశారు. పాట పాడని కంప్యూటర్ను మా ఊళ్లో ఎవరికి అంటగట్టాలి? పాడించొచ్చన్నా, నెట్‌లోంచి ఒక ముక్క దించుకుంటే చాలు అనేవాడు తమ్ముడు. నెట్‌కు మోడెమ్ కావాలి. నేను తెచ్చేవి చౌక లోపలి మోడెమ్‌లు, సగం పని విండోసే చేసిపెట్టాలి, లినక్స్‌ను చూస్తే అవి ఉలకవు పలకవు. వాటిని పలికించే ముక్క నెట్‌లో ఉంటుంది. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ఆ సామెత అర్థం నాకు ఆ మోడెమ్ దగ్గరే పూర్తిగా తెలిసింది.

మిర్యాలగూడ సంగతి వేరు. అక్కడ మూడో పార్టీ ఉండేది, దానికి జెండా గానీ కార్యకర్తలు గానీ లేరు. సాగర్ ఎడమ కాలువ వడ్లన్నీ ఆ ఊరి మిల్లులకే చేరతాయి. ఒక మిల్లులో కాటా పక్కన రేకుల గదిలో దుమ్ము, ఊక, ఒక నల్లతెర కంప్యూటరు. డాస్ మీద ఫాక్స్‌ప్రోలో ఎవరో రాసిచ్చిన ప్రోగ్రాము. లారీ కాటా ఎక్కగానే గుమస్తా తూకం అంకె కొట్టి ఎంటర్ నొక్కితే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కిర్రుకిర్రున చీటీ కక్కేది. నేనూ తమ్ముడూ కలిసి పోయాం ఒకసారి, ఎవరికి వాళ్లం ఆ మిషను మీద కన్నేసి. నేను విండోస్ గొప్పలు చెప్పాను, వాడు లినక్స్ గొప్పలు చెప్పాడు. గుమస్తా పెద్దాయన విన్నాడు, బీడీ ఆర్పి అన్నాడు: "మీదాంట్ల లారీ తూకం ఏమన్నా ఎక్కువ జూపిస్తదా బిడ్డా?" లేదన్నాం. "ఎంతసేపట్ల లేస్తది?" నిమిషం, నిమిషమున్నర అన్నాం. ఆయన కరెంటు బటను ఆపి వేశాడు. మేం గొంతు సవరించుకునేలోపు నల్లతెర మీద తూకం పట్టీ సిద్ధంగా ఉంది. మా పందెంలో డాస్‌ను ఎప్పుడూ నిలబెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. బజ్జీలు ఇద్దరం కలిసి కొన్నాం.

ఇంకో ముచ్చట. అదే ఊరి రైల్వే స్టేషనులో రిజర్వేషన్ కౌంటరు తెర చూసి ఇది మా యూనిక్సేనని తమ్ముడు గర్వపడ్డాడు. తర్వాత ఎక్కడో చదివి మొహం వేలాడేసుకొని వచ్చాడు. ఆ రిజర్వేషన్లు నడిచేది వీఎంఎస్ అనే ఇంకో దాని మీదట. దేశంలో రిజర్వేషన్ కేంద్రాలన్నింటినీ కలిపే కాన్సర్ట్ అనే ఏర్పాటు 1994లో మొదలైంది మన సికింద్రాబాదులోనేనట. మేం ఇద్దరం రాజ్యం కోసం కొట్లాడుతుంటే మూడోవాడూ నాలుగోవాడూ నిమ్మళంగా ఏలుకుంటున్నారు.

మిర్యాలగూడ బియ్యం మాటొచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతిలో మొదటి అక్షరానికి అర్థం రైస్. నేను చాలా రోజులు దానికీ మిర్యాలగూడకూ ఏదో సంబంధం ఉందనుకున్నాను. అది అమెరికాలో రైస్ అనే విశ్వవిద్యాలయం. అక్కడున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేసిన పద్ధతి. 2006లో వీవెన్ అనే ఆయన లేఖిని అనే వెబ్‌సైటు పెట్టాక ఆ వరసతోనే తమ్ముడు నాకు తెలుగులో మొదటి ఉత్తరం కొట్టి పంపాడు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో చక్కగా కనబడింది, వత్తులన్నీ ఎక్కడివక్కడే. చూశావా మాది ఎంత బాగుందో అని జవాబిచ్చాను.

లినక్స్‌కు మంచి రోజులు తెచ్చింది వైరస్సులు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వచ్చింది. నెట్ తగిలించిన ఎక్స్‌పీ మిషను 60 సెకన్ల నుంచి కిందికి లెక్కపెట్టి తనను తాను ఆపుకునేది. తర్వాత పెన్‌డ్రైవుల కాలం. ఫోల్డర్ బొమ్మ వేసుకొని కూర్చునే దొంగ ఫైళ్లు కాలేజీ ల్యాబుల నుంచి ఫొటో స్టూడియోలకు, అక్కణ్నుంచి నా దగ్గరికి. తమ్ముడికి పోస్టులో విదేశం నుంచి ఉబుంటు అనే లినక్స్ సీడీలు వచ్చేవి, పైసా కట్టనక్కర్లేదు, అడిగితే పంపేవాళ్లు. పోస్ట్‌మ్యాన్ అవి అమెరికా చుట్టాలు పంపినవనుకొని దసరా మామూలు రెట్టింపు అడిగాడట. ఆ సీడీ ఒకటి నా టేబులు మీద పెట్టిపోయాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఇది. రాత్రి షట్టరు సగం దించి, కస్టమరు హార్డ్‌డిస్కు తగిలించి, ఆ ఉబుంటు సీడీ వేసేవాణ్ని. అది హార్డ్‌డిస్కును తాకకుండా సీడీలోంచే లేచేది. దాంట్లోకి పోయి వైరస్ ఫైళ్లు ఏరి చెరిపేసి, సీడీ తీసి, పొద్దున కస్టమరుకు విండోస్ నడుపుతూ చూపించేవాణ్ని. 200 రూపాయలు. నాలుగేళ్లు నా బతుకు ఎదుటి పార్టీ సీడీ మీద నడిచింది. పగలు మాత్రం దాని మీద చాయ్ గ్లాసు పెట్టేవాణ్ని, తమ్ముడు చూడాలని.

మిల్లులో డాస్ సంగతి చెప్పాలి గదా. దాన్ని మా వాదనలు ఏమీ చేయలేకపోయాయి. 2005 ఏప్రిల్లో వ్యాట్ వచ్చినప్పుడు ఆఫీసు గదిలోకి విండోస్, ట్యాలీ వచ్చాయి, కాటా గది మాత్రం కదల్లేదు. చివరికి దాన్ని పడగొట్టింది ఒక రంధ్రం. పాత మిషను కాలిపోయి కొత్తది తెస్తే ప్రింటరు తగిలించే వెడల్పాటి పోర్టు దానికి లేదు, అంతా యూఎస్‌బీ. డాస్ ప్రోగ్రాముకు అది తప్ప ఇంకో దారి తెలియదు. నేను సీటీసీ అంతా తిరిగి ఆ పోర్టున్న కార్డు తెచ్చి ఇంకో మూడేళ్లు లాగాను. పెద్దాయన అప్పటికి పని మానేశాడు. తర్వాత వచ్చిన గుమస్తాకు నల్లతెరంటే భయం.

తమ్ముడు 2006లో చదువైపోయి అమీర్‌పేట, అక్కడి నుంచి బెంగళూరు పోయాడు. ఆదివారాలు ఖాళీ అయ్యాయి. 2011లో ఉబుంటువాళ్లు ఉచిత సీడీలు పంపడం మానేశారు. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినరోజు నేనే ఫోను చేశాను. "ఇప్పుడేమంటవ్? మనోడే కూర్చున్నడు." వాడు ఓపిక పట్టాడు. ఆ అక్టోబరులో తిరిగి చేశాడు. "అన్నా, మీవోడు స్టేజీ మీద బొమ్మేసి చూపిండు, మైక్రోసాఫ్ట్‌కు లినక్స్ అంటే ప్రేమంట." నేను నమ్మలేదు. ఫొటో పంపాడు. నడుమ ఎర్రటి గుండె బొమ్మ. ఒకరి గడప ఒకరు తవ్వుకున్నవాళ్ల పెద్దలు మనకు చెప్పకుండా వియ్యమందుకుంటే ఎట్లుంటుందో అట్లుంది నాకు. వాడికీ సంతోషం లేదు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక కోదాడలో వానల గురించి మాట్లాడుకున్నాం.

2016లో జిల్లా కూడా మూడైంది. కోదాడ మాతో వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలో ఉండిపోయింది. మా షాపులో ఇప్పుడు జిరాక్సు, మొబైల్ కవర్లు, మీసేవ ఫారాలు. యూపీఎస్ లేదు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా పందానికి ఏదీ ఆరిపోదు.

మొన్న ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. ల్యాప్‌టాప్ మూత కీలు వదులైంది. స్క్రూలు బిగిస్తూ పాత అలవాటుకొద్దీ అడిగాను, దీంట్లో ఏ ఓఎస్ ఉందమ్మా అని. ఆ పిల్ల ఫోన్లోంచి తలెత్తి, "మామూలుదే అంకుల్," అంది.

సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. బెంగళూరు ట్రాఫిక్‌లో ఉన్నాడు. చాలాసేపు నవ్వాడు. తర్వాత ఆగి అడిగాడు.

"అంటే ఏది అన్నా? విండోసా, లినక్సా?"

"చూడలే."

"చూడలేదా? అర్ధగంట చేతుల పెట్టుకొని చూడలేదా అన్నా!"